గంజి పోసిన శుక్రవారం

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా వీధిలో ఎదురైన ప్రతివాడూ నన్ను ఒకటే అడుగుతాడు: "గంత కంపు ఎట్ల ఓర్సుకున్నవ్ అన్నా?" కంపుదేముంది, కొన్నాళ్ళకు ముక్కే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నన్ను అరగదీసింది మనుషులు. చెప్పింది వినని మనుషులు, విన్నట్టు తలూపి అటు తిరగ్గానే అదే పని చేసే మనుషులు, మేలు చేద్దామని కొంప ముంచే మనుషులు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చేతులకు తొడుగులు కావాలంటున్నారు, పంపులు కావాలంటున్నారు. అడగండి, తప్పేం లేదు, మాకు అడగాలని తెలియలేదు. ఓపిక మాత్రం ఏ సేటూ కొనివ్వడు. అది ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

మా పనేమిటో ముందు చెప్పేస్తాను. హోటళ్ళలో, మెస్సుల్లో గిన్నెలు కడిగిన నీళ్ళు నేరుగా గటరులోకి పోకూడదు. మధ్యలో ఒక పెట్టె ఉంటుంది. గ్రీజు ట్రాప్ అంటారు, మేము డబ్బా అనేవాళ్ళం. నీళ్ళు అందులో కాసేపు నిలబడితే నూనె, కొవ్వు పైకి తేలి గడ్డకడతాయి. మెతుకులూ మడ్డీ అడుగుకి దిగుతాయి. మధ్యలో మిగిలిన నీళ్ళు అడ్డుగోడ కింద నుంచి బయటికి పోతాయి. పైన తేలినదాన్నీ కింద దిగినదాన్నీ ఎప్పటికప్పుడు తీయడమే మా పని. తీయకపోతే కొవ్వు పైపులోకి దూరి, నీళ్ళు వెనక్కి తన్ని, వంటింట్లో చీలమండల దాకా నిలుస్తాయి.

తీయడం ఎవడైనా తీస్తాడు. గోడలకీ గుమ్మానికీ పూయకుండా తీయాలి, అక్కడుంది సంగతి. కొవ్వు చల్లగా ఉంటే గట్టిగా ఉంటుంది, వెడల్పాటి రేకుతో పలకలు పలకలుగా లేపుకోవచ్చు. వేడి తగిలితే కరిగి చారవుతుంది, ఇక ఎత్తిన ప్రతి చెంబూ దారిపొడుగునా కారుతుంది. అందుకే ముందు రాత్రి నుంచి డబ్బాలో వేడిది ఏదీ పోయవద్దని నేను చెప్పి వెళ్ళేవాణ్ణి. ఎండాకాలమైతే పొద్దున్నే ఐసు ముక్కలు గోనెలో కట్టి కొవ్వు మీద పరిచేవాణ్ణి. డ్రమ్ము డబ్బా అంచుకు ఆనించి పెట్టాలి. చెయ్యి ఆ అంచు నుంచి ఈ అంచుకే పోవాలి తప్ప గాల్లో ఊగకూడదు. చివర్లో నీళ్ళు కొట్టకుండా మగ్గాల నూలు చెత్తతో తుడిచేస్తే సరిపోతుంది. ముంబై పక్కన, మన తెలంగాణవాళ్ళు మగ్గాలు నడపడానికి వలసొచ్చే భివండిలో నూలు చెత్తకు కరువేమిటి.

ఇంత సులువైన సంగతిని నా జోడీకి నేర్పడానికి నాకు పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. నా జోడీ మా మేనత్త కొడుకు, నాకు బావ. ఇద్దరం ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపినవాళ్ళమే. నిలబడి నిలబడి నా కాళ్ళ నరాలు ఉబ్బి నేను బయటికొస్తే, ఎవరితోనూ పొసగక అతను బయటికొచ్చాడు. మంచివాడు, బలమైనవాడు, చెంబు పట్టుకుంటే మాత్రం హోలీ ఆడుతున్నట్టే ఉండేది. పైగా మగ్గాల మోతలో బతికి చెవులు సగం పోయాయి, దాంతో గొంతు తగ్గించడం అనేది అతనికి రాదు. పక్కన కూర్చుని ఉప్పు అడిగినా అవతలి వీధివాడు తిరిగి చూసేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనివల్ల నా ప్రాణం ఎలా పోయొచ్చిందో చెబుతాను.

భివండిలోనే కామత్‌ఘర్‌లో ఒక బిస్సీ ఉండేది. బిస్సీ అంటే మగ్గాల మీద పనిచేసే ఒంటరి మగవాళ్ళు నెలవారీగా తినే మెస్. ఒక్కో ఖోలీలో, అంటే అద్దె గదిలో, కిక్కిరిసి పడుకుంటారు, వండుకోవడానికి చోటుండదు, రెండు పూటలా బిస్సీకి వచ్చి తినిపోతారు. ఆ బిస్సీ నడిపేది మా జిల్లా ఆవిడే. మేమంతా అక్క అనేవాళ్ళం. ఆమె భర్త కూడా మగ్గాల మనిషే, దమ్ము పట్టేసి పని మానేసి, ఓ మూల కూర్చుని వెల్లుల్లి ఒలిచేవాడు. ఇద్దరి బతుకూ ఆ వంటిల్లే. వంటిల్లు ఒక కార్ఖానా షెడ్డుకు వెనక వీపు ఆనించి ఉంటుంది. షెడ్డూ వంటిల్లూ ఒకే సేటువి. సేటు కూడా మనవాడే, కరీంనగర్ వైపు నుంచి మగ్గం నడపడానికే వచ్చి, ఒక్కొక్క మెట్టూ ఎక్కి సొంతంగా మగ్గాలు పెట్టుకున్నాడు. మాట పడని మనిషి. అంత పైకొచ్చినవాడికి పక్కవాళ్ళ ముందు చిన్నబోవడమంటే ఎంత భయమో నేను చాలామందిలో చూశాను.

వంటింటి డబ్బాలోంచి పైపు షెడ్డు నేల కింద నుంచి పోతుంది. షెడ్డు మూలలో, రెండు మగ్గాల మధ్య, మూతతో ఒక చాంబర్ ఉంటుంది. అక్కడి నుంచి వీధి గటరుకు. ఎవడు కట్టాడో గానీ వాడి చేతులకు దండం పెట్టాలి. ఆ పైపు ఒకసారి మూసుకుని, జిడ్డు నీళ్ళు షెడ్డులోకి ఉబికి, నేసి మడతపెట్టిన తాకా, అంటే గుడ్డ తాను, ఒకటి తడిసింది. తెల్లటి కోరా గుడ్డ మీద పచ్చటి నూనె మరక. సేటు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇంకొక్కపారి నీ చర్బీ నా షెడ్డులకొస్తె చాబీ నా చేతిల పెట్టి పో" అని అక్కతో తేల్చి చెప్పాడు. చర్బీ అంటే కొవ్వు, చాబీ అంటే ఆ వంటింటి తాళంచెవి. ఉత్త బెదిరింపు కాదు. సరుకు దించుకోవడానికి గది కోసం ఒక ట్రాన్స్‌పోర్టు ఆయన అప్పటికే సేటు చుట్టూ తిరుగుతున్నాడు. అక్కకు నిద్ర పట్టలేదు. నాకు కబురంపింది.

గురువారం సాయంత్రం వెళ్ళి చూశాను. డబ్బా నిండుగా ఉంది, నీళ్ళు మెల్లగానైనా దిగుతున్నాయి. మరునాడు శుక్రవారం. భివండిలో మగ్గాలకు సెలవు శుక్రవారమే కాబట్టి, చాంబర్ అవసరమైతే తెరవాలన్నా ఆ రోజే వీలు. అయితే బిస్సీలో మటన్ కూడా శుక్రవారమే. వారమంతా పప్పు తిన్న కడుపులు ఆ ఒక్క పూట కోసం ఎదురు చూస్తాయి. షెడ్డు చల్లగా ఉండే రోజునే వంటిల్లు కాలిపోతూ ఉంటుంది. ఇదీ మా భివండి ఏర్పాటు.

"అక్కా, నా మాట జర చెవిన ఏసుకో. రేపు నేనొచ్చి తీసి, మూత పెట్టేదాక తూముల ఒక్క సుక్క ఏడిది పొయ్యొద్దు. మటన్ తర్వాత వండుకో. తినేటోళ్ళు జర ఆగుతరు."

"గింత మాత్రం తెల్వదా తమ్మీ నాకు? ఏమీ పొయ్య. నువ్వు రా."

మనసు కుదుటపడి ఇంటికి పోయాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక మనిషి తలూపితే నమ్మేశాను చూడండి.

శుక్రవారం పొద్దున్నే నేనూ బావా డ్రమ్ము, రేకులు, వెదురు బద్దలు, గోనెలో ఐసు పట్టుకుని మేముండే నార్పోలిలో షేర్ ఆటో ఎక్కాం. డ్రమ్ము కడిగి ఎండబెట్టిందే. అయినా దాని వాసన దానికుంటుంది కదా. సగం దారిలో ఎదురు సీటాయన ముక్కు మూసుకున్నాడు, ఐసు కరిగి పక్కావిడ చీర తడిసింది. ఆటోవాడు బండి ఆపి, "చాచా, ఏ క్యా భరా హై? ఉతరో, ఉతరో" అని దింపేశాడు. బావ వాడితో వీధంతా వినబడేలా గొడవ పడ్డాడు. మిగతా దారి నెత్తిన డ్రమ్ముతో నడిచాం. ఐసు సగమైంది.

వంటింటి గుమ్మంలో అక్క నవ్వుతూ నిలబడి ఉంది. ఆ నవ్వు చూసి ఏదో మంచి జరిగిందనుకున్నాను.

"తమ్మీ, నీకు తక్లీఫ్ కావద్దని పొద్దుగాల్నే అన్నం వార్చి, పెద్ద గంజెడు గంజి మసులుతుండంగనే తూముల పోసిన. గడ్డలన్నీ కరిగి కొట్టుకపోయినయ్. సూడు, డబ్బ ఎంత నున్నగున్నదో!"

నేను డ్రమ్ము కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాను.

దీనికి అక్కను అనలేం. మగ్గాల ఇళ్ళలో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. నూలు దారికి రావాలంటే మరిగే గంజి, జిడ్డు పట్టిన గిన్నెకు గంజి, మురికి పట్టిన చొక్కా కాలరుకు గంజి. మొండికేసిన దేన్నైనా వేడి గంజి లొంగదీస్తుందని తాతల నాటి నుంచి నమ్మకం. మరి ఆ కరిగిన కొవ్వు ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ ఆలోచించరు. గంజిని కలుపుకుని అడ్డుగోడ కింద నుంచి జారి, షెడ్డు కింద చల్లటి పైపులో చేరి అక్కడ గట్టిపడుతుంది. కళ్ళెదురుగా ఉన్న గడ్డను తీసుకెళ్ళి నేల కింద దాచిపెట్టినట్టు.

"ఏమీ పొయ్యనంటివి కదనే అక్కా!" అన్నాను.

"ఏడి నీళ్ళు పొయ్యొద్దన్నవనుకున్న. గంజి నీళ్ళా ఏంది? గంజి గంజే కదా!"

తల గోడకేసి కొట్టుకుందామంటే గోడకు కూడా జిడ్డే.

డబ్బా మూత తీసి, గాలి బయటికి పోయేదాకా పక్కన నిలబడి, ఒక బకెట్టు చన్నీళ్ళు పోసి చూశాను. నీళ్ళు అంచుదాకా లేచి అక్కడే నిలిచిపోయాయి. దిగడమే లేదు. నిన్నటిదాకా మెల్లగానైనా పోయిన పైపు ఇప్పుడు పూర్తిగా మూసుకుంది. ఇప్పుడు ఎవరైనా ఒక గిన్నె కడిగినా నీళ్ళు అటు షెడ్డులోకి పోవాలి, లేదా ఇటు పొయ్యి కిందికి రావాలి. అక్క ముఖంలో నవ్వు ఎక్కడికక్కడ ఆరిపోయింది.

"ఇగ నా పని అయిపోయినట్టే తమ్మీ" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. భర్త వెల్లుల్లి ఒలవడం ఆపేసి మా వైపే చూస్తున్నాడు.

"ఏం గాదు. చాంబర్ తెరుద్దాం. షెడ్డుల సుక్క పడనియ్య" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ నా పక్కన ఉన్నది బావ.

ముందు డబ్బాలో మిగిలినది తీశాం. ఉన్న ఐసు పరిచి ఆగితే పైన పల్చటి పొర కట్టింది, అది లేపాను. అడుగు మడ్డి తాపీతో ఎత్తాను. బావను చెంబు ముట్టుకోవద్దని, డ్రమ్ము పట్టుకుని కదలకుండా నిలబడమని చెప్పాను. నిలబడ్డాడు, నన్ను తిట్టుకుంటూనే. తర్వాత ఇద్దరం సామాను పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాం.

శుక్రవారం కార్ఖానా చూడనివాళ్ళకు ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేను. వారమంతా దడదడలాడిన చోట గుండుసూది పడ్డా వినబడుతుంది. ఇద్దరు పనివాళ్ళు మగ్గాలు తుడుస్తున్నారు. మగ్గం కింద వారమంతా పేరుకున్న నూలు పీచును చీపురుతో ఊడ్చి, యంత్రాలకు నూనె పోసి, నేల మీద నీళ్ళు కొట్టి మూలకు తోస్తున్నారు. గోడ వారగా బల్ల మీద తెల్లటి తాకాలు దొంతరగా ఉన్నాయి. వాటికీ చాంబరుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత దూరమే ఉంది. సేటు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. పక్కన ఆ ట్రాన్స్‌పోర్టు ఆయన, వంటింటి వైపు గోడను కళ్ళతోనే కొలుస్తున్నాడు.

"మళ్ళ బంద్ అయింది కదా? నాకు ఎరుకే" అన్నాడు సేటు. "తియ్యి. ఒక్క సుక్క నా మాల్ మీద పడ్డదనుకో, అక్క ఇయ్యాలనే ఖాళీ చేస్తది."

తాకాల మీద ప్లాస్టిక్ కప్పాను. చాంబర్ చుట్టూ గోనెలు పరిచాను. ఒక గోనెను నోరు తెరిచి చాంబర్ అంచుకే కట్టాను. పైపులోంచి ఏది వచ్చినా గాలి తగలకుండా అందులోకే దిగాలి. మూత పక్కకు జరిపి, కొక్కెం కట్టిన వెదురు బద్దను పైపులోకి దోపాను. తగిలింది. రాయిలా ఉంది. మెల్లగా తిప్పుతూ లాగాలి, తొందరపడి ఊడబెరికితే వెనకున్న నీళ్ళన్నీ ఒక్కసారి పైకి తన్నుతాయి. సేటు ఫోను మోగింది. ఆయన ట్రాన్స్‌పోర్టు ఆయన్ని వెంటేసుకుని గేటు దాకా వెళ్ళాడు. అమ్మయ్య అనుకున్నాను, నెత్తిన మనిషి నిలబడితే నాకు చెయ్యి ఆడదు.

కాసేపటికి అది కదిలింది. లాగితే వస్తూనే ఉంది, మోకులాగా. గోనెలోకి దించుకుంటూ పోయాను. పూర్తిగా బయటికొచ్చాక నీళ్ళు గలగలమని గటరు వైపు పరిగెత్తాయి. చుక్క కింద పడలేదు. ఆ గలగల వింటుంటే కడుపు నిండినట్టయింది. గోనెలో ఉన్నదాన్ని వేలితో విప్పి చూశాను.

కొవ్వు పైపూతే. లోపలంతా నూలు పీచు. మగ్గాల నూనెతో నల్లబడిన పీచు, తెగిన పోగులు, అంచుల దగ్గర కత్తిరించిన దారపు ముక్కలు. ప్రతి శుక్రవారం షెడ్డు ఊడ్చి నీళ్ళతో మూలకు తోసిన చెత్తంతా మూత సందుల్లోంచి ఇందులోనే దిగుతోంది. వారం వారం అది పేనుకుని మోకైంది, అక్క గంజి దానికి పట్టించిన గట్టిదనం వేరు. మేము బతుకంతా నూలుకు గంజి పెట్టినవాళ్ళమే, నేల కింద ఎవరూ చూడకుండా దీనికి కూడా పెట్టామన్నమాట. వంటింటి కొవ్వు ఒక్కటే అయితే ఈ పైపు ఇలా మూసుకునేది కాదు. మొన్న తాకా తడిసింది కూడా దీనివల్లే. నేను తలెత్తి చూస్తే ఆ ఇద్దరు పనివాళ్ళూ అది చూసేశారు. వెంటనే చీపురు ఒకడు, నూనె డబ్బా ఒకడు పట్టుకుని ఎప్పుడూ లేనంత శ్రద్ధగా పనిలో పడ్డారు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ తప్పు వంటింటిదే అని అందరూ అనడం, మేము నోరు మూసుకుని తుడవడం. మొట్టమొదటిసారి రుజువు నా చేతిలో ఉంది, తడిగా, బరువుగా. ఈ మోకు సేటు కాళ్ళ ముందు పడేస్తే చాలు, అక్క బిస్సీని ఎవడూ కదిలించలేడు అనుకున్నాను.

బావ కూడా చూశాడు. ఇంకేముంది. "బామ్మర్దీ! ఇది నూలు పీచు! సేటుదే! సేటు చెత్తనే!" అన్నాడు. అది అతనికి గుసగుస. షెడ్డు రేకులు మోగాయి.

అప్పుడే అక్క టీ గ్లాసులతో వచ్చింది. గోనెలో ఉన్నది చూసింది, బావ నోరు చూసింది, ఒక గ్లాసు తీసుకుని వేడి టీ అతని నోటికి ఆనించేసింది. పాపం, తాగక తప్పలేదు.

"ఎవ్వరికి చూపియ్యకుండ్రి. మూట కట్టుండ్రి" అంది.

"ఏంది అక్కా నువ్వనేది? నీ తప్పు లేదని గింత సాఫ్‌గ కనవడుతుంటె!" అన్నాను.

"నా తప్పు లేదని నీకెరుక, నాకెరుక. సేటు ఆ పరాయి మనిషిని పక్కన పెట్టుకోని, పనోళ్ళ ముంగట నిలవడ్డడు. ఇప్పుడు నువ్వు ఆయన చెత్త ఆయన మొకాన చూపిస్తె ఏమైతది? ఒప్పుకుంటడా? ఇజ్జత్ పోయినోడు తాళం ఏస్తడు తమ్మీ. నువ్వు గెలుస్తవ్, డ్రమ్మెత్తుకోని పోతవ్. నేను పొయ్యి ఎత్తుకోని యాడికి పోవాలె?"

"ఊకె ఏసుకుంటమా తప్పు మన మీద?" బావ గ్లాసు నోటి నుంచి తీశాడు. మళ్ళీ రేకులు మోగాయి. అక్క మళ్ళీ గ్లాసు ఆనించింది.

"ఏసుకుందాం. నాకు జాగ ఉండాలె. గదొక్కటే."

గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. నేను గోనె మూతి బిగించి కట్టేశాను. ముడి మీద ముడి వేశాను. భయంతో కాదు, మంటతో.

సేటు వచ్చి చుట్టూ చూశాడు. ప్లాస్టిక్ ఎత్తి తాకాలు చూశాడు. నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడా చుక్క లేదు.

"ఏంది ఎల్లింది?"

నా నోట్లో ఉన్న మాట ఒకటి, బయటికి వచ్చిన మాట ఒకటి. "చర్బీ, సేటూ. బిస్సీదే."

"నేను చెప్పలే?" అని మొదలుపెట్టాడు. ఇక తిట్టాడు చూడండి. ట్రాన్స్‌పోర్టు ఆయన వింటుండగా, పనివాళ్ళు వింటుండగా, అక్కను తిట్టాడు, మమ్మల్ని తిట్టాడు, ఊళ్ళో ఉన్న వంటవాళ్ళందర్నీ కలిపి తిట్టాడు. చదువు లేదన్నాడు, శుభ్రత లేదన్నాడు. ఆ నూలు పీచు మూట నా కాళ్ళ దగ్గరే ఉంది. బావ టీ అయిపోయిన గ్లాసు నోట్లోంచి తీయకుండా నిలబడ్డాడు, ఉత్త గ్లాసు తాగుతూ. ఆ రోజు అతన్ని చూసి నాకు మొదటిసారి గౌరవం కలిగింది. అక్క తల వంచుకుని, "మాదే తప్పు సేటూ, ఇగ గట్ల కానియ్య" అంటోంది. ఆమె గొంతులో వణుకు ఉంది, అందులో నటన ఎంతో నిజం ఎంతో నాకు తెలియదు.

అంతసేపు తిట్టాక మనిషి చల్లబడ్డాడు. బరువు దిగినట్టు నిలబడి, నా వైపు తిరిగి, "మళ్ళ గిట్ల కాకుండ ఏం చేయాలె?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. "ఈ మూలకు ఒక జాలీ పెట్టిస్త సేటూ. బిస్సీ చర్బీ మీ షెడ్డులకు రాకుంట ఆపుతది. మీవోళ్ళు ఊడ్చినప్పుడల్ల జాలీ ఎత్తి దులుపాలె, లేకుంటె చర్బీ పట్టి మూస్కపోతది." కొవ్వును ఏ జాలీ ఆపదు. ఆపేది పీచును. నేను అబద్ధం ఇంత సాఫీగా చెప్పగలనని నాకే తెలియదు.

"పెట్టు. మంచిది పెట్టు" అన్నాడు సేటు. తర్వాత ట్రాన్స్‌పోర్టు ఆయనతో, "ఖోలీ ఖాళీ నై హై భాయ్" అన్నాడు. నేను సామాను సర్దుకుంటూ ఆ మాట విన్నాను. అక్క వినలేదు, వంటింట్లోకి పరిగెత్తింది, బయట ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు అప్పటికే గోల చేస్తున్నారు. మటన్ ఆ రోజు బాగా ఆలస్యమైంది. ఆలస్యానికి కూడా తిట్లు మాకే.

జాలీ పెట్టాను. డబ్బా శుభ్రం చేయడానికి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి, పనివాళ్ళు కిక్కురుమనకుండా జాలీ ఎత్తి నల్లటి పీచు దులిపి చెత్తబుట్టలో వేసేవాళ్ళు. పైపు మళ్ళీ మూసుకోలేదు. సేటు మాత్రం పక్క కార్ఖానావాళ్ళను పిలిచి, "నేనే పెట్టిచ్చిన జాలీ, బిస్సీ చర్బీ ఒక్క సుక్క రాదు" అని చూపించేవాడు. నేను పక్కనే తాపీ కడుక్కుంటూ వినేవాణ్ణి. ఎన్నిసార్లు నాలుక కొసదాకా వచ్చిందో. బావ అయితే అక్కడుంటే నోరు జారుతుందని ఆ షెడ్డులోకి రావడమే మానేశాడు.

వానాకాలం వచ్చింది. ఒక శుక్రవారం పనివాళ్ళలో ఒకడు జ్వరంతో రాలేదు, ఇంకొకడు ఊరికి పోయాడు. సేటు తానే వచ్చి షెడ్డు ఊడ్చుకుంటూ, జాలీ నిండితే తన చేత్తో ఎత్తాడట. నేను అప్పుడు బిస్సీలో బంతిలో కూర్చుని తింటున్నాను. గుమ్మంలో సేటు కనబడ్డాడు. చేతులు నల్లగా ఉన్నాయి. కుళాయి దగ్గర చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత ఎవరూ పిలవకుండానే వచ్చి బంతి చివర కూర్చున్నాడు. అక్క ప్లేటు పెట్టి వడ్డించింది.

రెండు ముద్దలు తిన్నాక ప్లేటులోకే చూస్తూ అడిగాడు: "అక్కా, ఆనాడు పైపుల ఎల్లింది నా నూలేనా?"

బంతి మొత్తం నమలడం ఆపేసింది.

"మీ నూలు, నా గంజి. రెండు కలిసే ఉండె సేటూ" అంది అక్క.

"మరి గప్పుడే ఎందుకు చెప్పకపోతివి? గన్ని మాటలు పడ్డవ్ కదా."

"గప్పుడు చెప్తె ఇయ్యాల మీరు ఈడ కూసుండి అడుగుతుంటిరా? నేను ఈడ ఉండి ఏస్తుంటినా?"

సేటు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తల ఇంకా కిందికి వంచి తిన్నాడు. అక్క గరిటె పట్టుకుని నిలబడే ఉంది. ఆమె కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అన్ని నెలలు ఆ నిజాన్ని కడుపులో పెట్టుకుని తిరిగింది నేను. ఎప్పుడైనా అడిగితే ఏం చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో సిద్ధం చేసుకున్నది నేను. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని, నా వైపు చూడనైనా చూడలేదు. చెప్పాల్సిందంతా అక్క రెండు మాటల్లో చెప్పేసింది, అదీ ఎవరినీ నొప్పించకుండా. అక్క బంతి వెంట నడిచి నా దగ్గరికొచ్చింది.

"ఇంకింత ఏద్దునా తమ్మీ?"

"ఏయి అక్కా" అని ప్లేటు ముందుకు జరిపాను.